హోల్టర్ కట్టుకున్న రోజు

రాత్రిళ్లు ఎడమవైపు తిరిగి పడుకోగానే ఒక దెబ్బ తప్పి, మరుక్షణం లోపలినుంచి తన్నినట్టు కొట్టుకునే నా గుండె, ఈ ఉదయం ఛాతీకి రబ్బరు బుడ్డీలు తగిలించి ఈసీజీ తీసిన ఆ పది సెకన్లూ ఎంతో బుద్ధిగా నడిచింది. రిపోర్టు నార్మల్ అనగానే లేవబోయాను. కార్డియాలజిస్టు గారు కూర్చోమని, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా అని అడిగారు.

మా నాన్నగారు నలభై నాలుగో ఏట నిద్రలోనే పోయారు. చిన్నాన్న అంతకన్నా చిన్న వయసులో పొలం గట్టున కుప్పకూలారు. కారణం ఏమన్నారో తెలియక అక్కడినుంచే మేనత్తకు ఫోన్ చేశాను.

"ఇప్పుడెందుకే తల్లీ అవన్నీ? మీ నాన్న పుణ్యాత్ముడు, మంచాన పడకుండా పోయాడు. చిన్నోడికి ఎండదెబ్బ తగిలింది" అంది.

చిన్నాన్న పోయింది ఏ నెలలో అని డాక్టరు గారు అడిగించారు. "పుష్య బహుళ పంచమి. ఏటా తద్దినం పెడుతూనే ఉన్నాం కదా!" పుష్యమాసపు చలిలో ఎండదెబ్బ ఎలా తగిలిందని ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

గుండె కండరం దళసరెక్కే జబ్బు ఒకటి ఉందనీ, తల్లిదండ్రుల్లో ఒకరికి అందుకు కారణమైన జన్యులోపం ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ అది వచ్చే అవకాశం సగానికి సగమనీ ఆయన వివరించారు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు లోపించడం మన దేశంలో సుమారు నూటికి నలుగురిలో కనిపిస్తుందని హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో ప్రకటించారు. అయితే అది ఉన్న ప్రతివారికీ జబ్బు రాదట. నాకు ఆ "అయితే" కంటే "నూటికి నలుగురు" అన్నదే చెవిలో నిలిచింది.

గుండెను అల్ట్రాసౌండుతో చూసే టూడీ ఎకో పరీక్షలో గుండె గోడ మందం 12 మిల్లీమీటర్లు వచ్చింది. మామూలుగా 15 గానీ అంతకు మించి గానీ ఉంటేనే ఆ జబ్బు అంటారు కాబట్టి నాది జబ్బని చెప్పలేరు, నిశ్చింతగా ఉండమనీ చెప్పలేరు. అందుకే ఇరవై నాలుగు గంటలూ గుండె లయను నమోదు చేసే హోల్టర్ పెట్టారు. ఛాతీకి అంటించిన పట్టీల వైర్లు నడుముకు కట్టిన చిన్న పెట్టెలోకి వెళ్తాయి. రేపటిదాకా స్నానం కూడదు. దడ అనిపించిన వేళా, అప్పుడు చేస్తున్న పనీ రాయడానికి ఒక కాగితం ఇచ్చారు.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి వాడినీ పరీక్ష చేయించుకోమన్నాను. "నాకు దడా గిడా ఏమీ లేదుగా అక్కా" అన్నాడు. నాన్నగారూ ఏనాడూ దడ అనలేదని గుర్తుచేసి, శనివారం ఎకోకు వస్తానని ఒప్పుకునేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు.