సందు చివరి ఖాళీ ప్లాటు

సందు చివరి ప్లాటులో పొద్దున్నే మళ్లీ కొత్త మూటలు కనిపించాయి. ఓనర్లు చెన్నైలో ఉంటారు, అడిగేవాళ్లు లేరు. మొదట ఎవరో బాత్రూం పగలగొట్టిన టైల్స్ రాత్రికి రాత్రి ట్రాక్టర్‌లో తెచ్చి పోశారు. తర్వాత చిరిగిన దిండ్లు, కొబ్బరి బోండాలు, ఫంక్షన్ల విస్తర్లు. కుప్ప ఒకటి కనబడితే చాలు, ఊరంతా అక్కడే వేస్తారు.

ఇంతలో చెత్త బండి వచ్చింది. రోజూ వచ్చే అక్క ఎవరింటిదో కవరు విప్పి చేత్తోనే వేరు చేస్తోంది. సాంబారన్నంలో పగిలిన ట్యూబ్‌లైట్ ముక్కలు! ఆమె గ్లౌజులు బొటనవేలి దగ్గర చిరిగి ఉన్నాయి.

"చూసుకోని తియ్యక్కా."

"ఎంతని చూసేది మా, బండి ముందుకు పోవాల గదా."

ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు. పాత రకం ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఉంటుంది. గాజు, బ్లేడ్లు అయితే మందంగా పేపర్లో చుట్టి, చెప్పి చేతికివ్వాలి. బ్యాటరీలు, గడువు దాటిన మందులు విడిగా ఇవ్వాలి. ప్యాడ్లు కూడా చుట్టి విడిగా ఇవ్వాలి. తడి, పొడి, ప్రమాదకర చెత్త వేరు చేయాలనీ, వీధిలో, కాలువలో వేయకూడదనీ, కాల్చకూడదనీ 2016 నాటి కేంద్ర చెత్త నిబంధనల్లోనే చెప్పారు. ఇంట్లో రెండు నిమిషాల పని మనం చేయకపోతే ఆ అక్క చెయ్యి కోసుకుంటుంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆవుల సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్నం కవర్లో వేసి ముడి కట్టి పారేస్తే, అవి కవరుతో సహా మింగుతాయి. ప్లాస్టిక్ అరగదు, కడుపులోనే ఉండిపోతుంది. మిగిలిన కవర్లు కాలువలోకి పోతాయి. 2021 నవంబరు వానలకు మా సందు కాలువ పూడిపోయి, నీళ్లు గడప దాటి లోపలికొచ్చాయి.

మా ఇంట్లో కూరగాయల తొక్కలు మేడ మీది డ్రమ్ములో ఎండాకులతో కలిపి పొరలుగా వేస్తాం. వాసనొస్తే ఇంకొన్ని ఎండాకులు. బండికిచ్చేది చాలా తగ్గింది.

సాయంత్రం ఒక అబ్బాయి స్కూటర్ ఆపి ప్లాటులోకి కవరు విసరబోతుంటే పిలిచాను. "నేను ఆరుకే డ్యూటీకి పోతా అక్కా, బండేమో ఏడున్నరకి వస్తుంది" అన్నాడు. నిజమే. రాత్రి మా గేటు దగ్గర పెట్టి వెళ్లమన్నాను, తడిది మటుకు వేరే బకెట్లో.

"చికెన్ బొక్కలు ఎందులో అక్కా?"

"తడిలోనే."

రేపు వార్డు సచివాలయానికి వెళ్లాలి. సాయంత్రం బండి ఒక ట్రిప్పు వేయమనీ, ఆ టైల్స్ కుప్ప ముందు తీయించమనీ అడగాలి.