పంచసూనలు, మామ్మ చేతులు

పంచ సూనా గృహస్థస్య చుల్లీ పేషణ్యుపస్కరః
కండనీ చోదకుంభశ్చ బధ్యతే యాస్తు వాహయన్

మనుస్మృతి మూడో అధ్యాయంలో ఉందీ శ్లోకం. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలూ రోకలీ, నీళ్ల కుండ. ఇంట్లో తెలియకుండా ప్రాణిహింస జరిగే చోట్లు ఈ అయిదూ, వీటినే సూనలు అన్నారు. ఆ దోషం పోవడానికే పంచమహాయజ్ఞాలు, అంటే గృహస్థు రోజూ చెయ్యాల్సిన అయిదు యజ్ఞాలు విధించారు. ఉపన్యాసాల్లో ఈ శ్లోకాన్ని ఒక్క మాటలో దాటేసి యజ్ఞాల దగ్గరికి వెళ్లిపోతారు. నా మనసు మాత్రం ఆ అయిదు వస్తువుల దగ్గరే ఆగిపోతుంది. దోషం గృహస్థుదన్నారు గాని, వాటిలో తాతగారు రోజూ ముట్టుకున్నది ఏముంది? అయిదూ మామ్మ చేతిలోవే. చీకటితో లేచింది మొదలు రాత్రి పొయ్యి అలికే దాకా ఆవిడ బతుకంతా వాటితోనే గడిచింది. మంత్రం చెప్పలేదు, హోమం చెయ్యలేదు. పరిహారమంతా పని చేసే పద్ధతిలోనే చేసుకుంది.

చేత్తో చేసే అర్చనకి మంత్రం రాకపోవడం అడ్డు కాదని విశాఖ వాళ్లకి చెప్పనక్కర్లేదు. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి ఆడవాళ్లు తమ చేత్తో తామే పసుపు రాసి, కుంకుమ పెట్టి వస్తారు. మామ్మ వంటింట్లో చేసినదీ అలాంటిదే.

పొయ్యి సంగతి చూడండి. కర్రలపొయ్యి రోజుల్లో మన తీరంలో సరుగుడు కర్రలూ, కొబ్బరి మట్టలే ఎక్కువ. వానాకాలంలో బెరడు కింద చీమలు గుడ్లతో సహా చేరతాయి. అందుకని కర్రని నేలకేసి తట్టి, కాసేపు పక్కన పెట్టి, ఆ తరవాతే పొయ్యిలో పెట్టాలి. తట్టీ తట్టగానే పెట్టేస్తే లోపలివి బయటికి రావు. గ్యాసు పొయ్యి అయినా రాత్రి దీపాలకి వచ్చిన పురుగులు బర్నరు మీద పడి ఉంటాయి. పొద్దున్నే పొడిగుడ్డతో ఒకసారి తుడిచి వెలిగించడానికి ఎంతసేపు పడుతుంది?

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది పప్పులు ఎండబెట్టే పద్ధతి. సముద్రపు గాలికి విశాఖలో పప్పు త్వరగా మెత్తబడి పురుగు పడుతుంది. వానలు రాకముందే రెండు మూడు రోజులు మంచి ఎండలో పెట్టాలి. చేటని పూర్తిగా ఎండలోకి నెట్టకూడదు. ఒక అంచు నీడలో ఉండాలి. పప్పు వేడెక్కేసరికి పురుగులు తమంతట తామే నీడవైపు పాకి దిగిపోతాయి. చంపనక్కర్లేదు, ఏరనక్కర్లేదు. తరవాత పప్పుని పూర్తిగా చల్లారనిచ్చి డబ్బాలో పొయ్యాలి. వేడి మీద పోసి మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. కందిపప్పుకి కిలోకి ఒక చెంచా ఆముదం పట్టిస్తే ఇంకా మంచిది. వేపాకు వేసేవాళ్లు నీడలో గలగలలాడేలా ఎండిన ఆకే వెయ్యాలి, పచ్చిది వేస్తే దాని తేమకే పప్పు పాడవుతుంది. చేటలోనే ప్రాణి తప్పుకుంటే రోట్లోకీ, సన్నికల్లు మీదకీ వెళ్లదు. రెండు సూనలకి పరిహారం ఆ నీడ అంచులోనే ఉంది! చదువుకున్నవాళ్లు దీన్ని పొదుపు అన్నారు. నేను అహింస అంటాను.

చీపురు పట్టేముందు చీమల బారు ఉందేమో చూసి, దారికి అడ్డంగా పసుపు చల్లి మళ్లించేవారు. నీళ్లు రెండు మడతల గుడ్డతో వడకట్టేవారు.

బియ్యం కడుగు ఆవు కుడితిలోకి, మొదటి ముద్ద కాకికి, ఎసట్లో ఒక గుప్పెడు ఎక్కువ బియ్యం వేళకాని వేళ వచ్చేవాళ్లకి. భూతయజ్ఞం, అతిథియజ్ఞం ఇవి కాక మరేమిటి? గుమ్మం ముందు ముగ్గు కూడా బలిహరణమే, అంటే చిన్న ప్రాణులకి ఆహారం పెట్టడమే, అది బియ్యప్పిండితో వేసినప్పుడు. రాతిముగ్గు చీమ తినదు. బియ్యప్పిండి మరీ మెత్తగా ఉంటే వేళ్ల మధ్య ముద్దకడుతుంది, కాస్త బరక ఉండాలి. మన ఊరి గాలికి నిలవ పిండి గడ్డలు కడుతుంది కాబట్టి రెండు మూడు రోజులకి సరిపడా మాత్రమే విసురుకోవాలి. స్టిక్కరు ముగ్గు అంటించి పండగ చేసుకునేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

అలాంటి మనిషికి మహాలయంలో, అంటే భాద్రపద బహుళంలో వచ్చే పితృపక్షంలో, మనం చేస్తున్నదేమిటి? భర్త కన్నా ముందు వెళ్లిన ముత్తైదువకి భాద్రపద బహుళ నవమి ఉంది, అవిధవా నవమి. మిగతావారికి వారి వారి తిథి, కుదరకపోతే అమావాస్య. హోటలు క్యారేజీ తెప్పించి, ఫోటోకి దండేసి ఫోనులో పెట్టేస్తే అయిపోదండీ. అయిదుగురికి వండలేకపోయినా గారెలూ, పరమాన్నమూ ఇంట్లో చెయ్యండి. మినప్పప్పు మూడు నాలుగు గంటలు నాననిచ్చి, నీళ్లు ఓడ్చి, చిలకరిస్తూ రుబ్బండి. చిన్న ఉండ నీళ్లలో వేస్తే తేలాలి. ఉప్పు ఆఖర్న, వేయించే ముందు కలపండి, ముందే వేస్తే పిండి జారి గారె నూనె పీలుస్తుంది. పితృదేవతలకి పెట్టక ముందు రుచి చూడకూడదు కాబట్టి ఉప్పు కొలిచి వెయ్యండి. గ్లాసు పప్పుకి ఒక చెంచా చాలు.

తర్పణానికి భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటికో, ఆర్కే బీచికో వెళ్లేవాళ్లు నీళ్లలోకి దిగకండి. అక్కడి అల లోపలికి లాగుతుంది. చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ఒడ్డున దక్షిణముఖంగా కూర్చోండి. నల్లనువ్వులు కలిపిన నీరు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి జారాలి, వేళ్ల కొసల నుంచి కాదు. మిగతా స్త్రీలకి ఒక్కో అంజలి అయినా తల్లికీ, నాయనమ్మకీ, ఆవిడ అత్తగారికీ మూడేసి. దర్భలు, కవర్లు ఇసకలో వదిలి రాకండి.

ఇక పేరు. పురోహితుడు "పితామహి పేరు?" అని నాయనమ్మ పేరు అడగగానే కొడుకులూ మనవలూ మొహాలు చూసుకుంటున్నారు. ఇంత చేసిన మనిషి పేరు తెలియకపోతే ఎలా? ఊరంతా పిలిచిన ముద్దుపేరు కాదు, పెళ్లి శుభలేఖలోదో, పాత దస్తావేజుల్లోదో వెతికి పట్టుకోండి. పెద్ద మేనత్త ఉంటే ఇవాళే అడగండి. నాయనమ్మకి తాతగారి గోత్రమే, అంటే మీదే. అమ్మమ్మకి మాత్రం మీ గోత్రం చెప్పకూడదు, మాతామహుడిది, అంటే ఆవిడ భర్తది చెప్పాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రెండు పేర్లూ, రెండు గోత్రాలూ, తిథులూ ఒక కాగితం మీద రాసి పంచాంగంలో పెట్టుకోండి, పిల్లల చేత కూడా రాయించండి.