సత్తు బండి మీద సందక్‌ఫూకి

మా నాన్నకి ముందు ఎడమ మోకాలు పోయింది. పాడేరు ఏజెన్సీలో 26 ఏళ్లు ఆఫీసు జీపు నడిపిన మనిషి. ఘాట్ రోడ్డులో క్లచ్ తొక్కి తొక్కి అరగదీశానంటారు. డాక్టరేమో వయసంటాడు. కారణం ఏదైతేనేం, పశ్చిమ బెంగాల్ కొండల్లోని సందక్‌ఫూకి నడిచి వెళ్లాలని మూడేళ్లుగా నేను వేసుకుంటున్న ప్లాను, ఆయన కూడా వస్తాననేసరికి తలకిందులైంది. ఇక బండే గతి. అక్కడ కొండెక్కించేవి డెబ్బై ఏళ్ల నాటి ల్యాండ్ రోవర్లని, ఇప్పటికీ కిరాయికి తిరుగుతున్నాయని చెప్పాను.

"డెబ్బయ్యా? నాకంటే పెద్దది. దానికి లేని మోకాళ్ల నొప్పి నాకెందుకురా" అని ఆ రాత్రే స్వెట్టర్లు తీయించారు.

నవంబరు నెల. రైలు దిగింది న్యూ జల్‌పాయ్‌గుడిలో. అక్కడి నుంచి మిరిక్, సుఖియాపోఖ్రీ మీదుగా మానెభంజాంగ్. ఒకటే వీధి, దాని పక్కనే ఒక కాలువ, కాలువ దాటితే నేపాల్. అవతలి కొట్లో బిస్కెట్లు కొనుక్కుని వస్తే విదేశీ యాత్ర చేసి వచ్చినట్టే. సందక్‌ఫూ పశ్చిమ బెంగాల్‌లోకెల్లా ఎత్తైన చోటు, 3,636 మీటర్లు. మానెభంజాంగ్ నుంచి 31 కిలోమీటర్లు. ఆ 31కి నాలుగు గంటలు పడుతుందంటే రోడ్డు ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

పొద్దున్నే స్టాండు దగ్గరికి వెళ్లాం. వరసగా నిలబెట్టి ఉన్నాయి. ముక్కు చప్పిడిగా, తలుపులు పలకల్లా తిన్నగా, ఎక్కడా వంపుసొంపుల్లేవు. చిన్నపిల్లాడిని బండి బొమ్మ గీయమంటే సరిగ్గా దీన్నే గీస్తాడు. మా నాన్న ఒకదాని చుట్టూ తిరిగి, మడ్‌గార్డ్ మీద వేలి కణుపుతో టక టక కొట్టి చూశారు.

"ఏటిరా ఇది, సత్తు గిన్నెలాగుంది?"

సత్తే మరి. ఈ బండి కథంతా అక్కడే మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండులో ఉక్కుకి రేషను. రోవర్ కంపెనీ అప్పటిదాకా చేసేది పెద్దమనుషుల కార్లు. ఎగుమతులు చేసి విదేశీ డబ్బు తెచ్చే కంపెనీలకే ఉక్కు దక్కే రోజులవి. ఆ కంపెనీలో ఇంజినీరింగ్ చూసే మారిస్ విల్క్స్‌కి వేల్స్‌లోని ఆంగ్లసీ దీవిలో పొలం ఉండేది. ఆ పొలం పనులకి ఆయన వాడుకునేది యుద్ధంలో మిగిలిపోయిన అమెరికన్ విల్లీస్ జీపు. అది మూలపడితే దాని బదులు ఏం కొనాలన్న ప్రశ్న వచ్చింది. చూస్తే అలాంటిది ఇంకోటి లేదు. మనమే చేస్తే పోలా అనుకున్నారు అన్నదమ్ములు. మారిస్ 1947లో రెడ్ వార్ఫ్ బే సముద్రపుటొడ్డున ఇసకలో బొమ్మ గీసి, కంపెనీ నడిపే అన్న స్పెన్సర్‌కి చూపించాడని చెబుతారు. మొదటి నమూనా బండిని కట్టింది జీపు ఛాసిస్ మీదే.

ఈ ముక్క వినగానే నాన్న ముఖం వెలిగిపోయింది. "అంటే మన జీపుకి కాపీయేనన్నమాట!" ఆ తర్వాత రెండు రోజులూ ఎవరు దొరికితే వాళ్లకి తెలుగులోనే ఈ సంగతి చెప్పారు.

ఉక్కు లేదు కాబట్టి బాడీకి అల్యూమినియం మిశ్రమం వాడారు. విమానాల తయారీ తగ్గడంతో అది కావలసినంత దొరికేది. పెద్ద పెద్ద అచ్చులకి ఖర్చు పెట్టే ఓపిక లేదు కాబట్టి రేకుల్ని చేత్తోనే వంచేలా తిన్నగా గీశారు. అంత పేరుపడ్డ రూపం వెనకున్న రహస్యం ఇంతే, డబ్బుల్లేకపోవడం. మొదట్లో వేసిన లేతాకుపచ్చ రంగు కూడా సైన్యం దగ్గర మిగిలిపోయిన విమానాల పెయింటేనట. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డాం మోటారు ప్రదర్శనలో పెట్టారు. ధర 450 పౌండ్లు. రైతులకి అమ్మాలన్నదే ఉద్దేశం. ఇంజను నుంచి బయటికి ఒక షాఫ్ట్ ఉండేది, దానికి బెల్టు తగిలించి రంపం తిప్పుకోవచ్చు, నూర్పిడి యంత్రం నడుపుకోవచ్చు. కార్ల వ్యాపారం పుంజుకునే వరకు నాలుగు రోజులు కాలక్షేపానికి అనుకున్న బండి, చివరికి కన్నతల్లి పేరునే మింగేసింది. రోవర్ కార్లు ఈనాడు లేవు, ల్యాండ్ రోవర్ ఉంది.

ఇక్కడి తేయాకు తోటల దొరలు వీటిని తెప్పించుకున్నారని, వాళ్లు వెళ్లిపోతూ స్థానికులకి అమ్మేశారని మానెభంజాంగ్‌లో ఎవరినడిగినా చెబుతారు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి బండి వస్తుంది. మా డ్రైవరుది కూడా అంతే. నలభై దాటిన మనిషి, మాటలు తక్కువ. అక్కడందరూ పిలిచినట్టే నేనూ 'దాజు' అన్నాను, అన్నయ్యా అని.

"దాజు, ఈ జీపు ఏ సంవత్సరంది?" అని హిందీలో అడిగాను.

"చౌవన్ మోడల్. జీపు కాదు సార్, ల్యాండ్ రోవర్."

మా ఊళ్లలో నాలుగు చక్రాలుండి కొండెక్కేది ఏదైనా జీపే. తహసీల్దారు వస్తే జీపొచ్చిందనేవాళ్లం, ఎన్నికలొస్తే మైకు జీపు, అనంతగిరి సంతకి ముప్పై మందిని మోసేదీ జీపే. ఆ నోరు అంత త్వరగా తిరగదు. దారి పొడుగునా నేను జీపనడం, ఆయన ఓపిగ్గా దిద్దడం.

చిత్రె దాటాక మేఘ్మా. పేరుకి తగ్గట్టు మేఘంలోనే ఉంది ఊరు. సరిహద్దు కాపలా కాసే సశస్త్ర సీమా బల్ వాళ్లు గుర్తింపు కార్డులు చూసి పంపించారు. ఇక్కడి నుంచి రోడ్డు ఒకసారి ఇండియాలో, ఒకసారి నేపాల్‌లో. టుమ్‌లింగ్‌లో టీ తాగడానికి ఆగితే నా ఫోన్లో టైము ఉన్నట్టుండి పావుగంట ముందుకి దూకింది. నేపాల్ టవరు అందుకుంది. పది నిమిషాల్లో మళ్లీ వెనక్కి. మా నాన్న తన హెచ్ఎంటీ వాచీ వైపు చూసుకుని, "దీనికి సరిహద్దులు తెలీవు" అన్నారు గర్వంగా.

ఈ దారికి చాలా దూరం సిమెంటు పోశారు. ఇప్పుడు బొలేరోలు కూడా పైకి వెళ్తున్నాయి, సీట్లు మెత్తగా ఉంటాయి, అద్దాలు పూర్తిగా మూసుకుంటాయి. తీరిగ్గా ఆలోచిస్తే అదే ఎక్కాలి. ల్యాండ్ రోవర్లో వెనక కూర్చున్నవాడి నడుము సంగతి దేవుడికే ఎరుక. కమాన్ కట్టలు బిర్రబిగుసుకుని ఉంటాయి, ప్రతి రాయీ పేరుపేరునా పలకరిస్తుంది. అయినా ఎందుకెక్కుతారో గైరీబాస్ దాటాకగాని నాకర్థం కాలేదు.

గైరీబాస్‌కి కిందికి దిగి, అక్కడి నుంచి కయ్యకట్టా వైపు నిలువుగా ఎక్కాలి. హెయిర్‌పిన్ మలుపులు. వాటిలో రెండు మలుపుల దగ్గర సిమెంటు లేచిపోయి గులకరాళ్లు తేలాయి. దాజు ఎర్ర గుండు ఉన్న లీవరు లాగాడు. నాన్న ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "ఫ్రంట్ గేరు వేశాడు, లో లో" అని నాకు వివరించారు. బండి అరుపు మారిపోయింది. వేగం మనిషి నడక కంటే తక్కువ. నాలుగు చక్రాలూ ఒకదాని తర్వాత ఒకటి రాయిని వెతుక్కుని, పట్టుకుని, ఎక్కుతున్నాయి. దాజు కాలు యాక్సిలరేటర్ మీద కదలడం లేదు. తొందర అన్నదే లేదు ఆ బండికి. టెన్షన్ అంతా నాదే, లోయ నా వైపు ఉంది.

రెండో మలుపు తర్వాత కింద ఏదో ఈడుస్తున్న శబ్దం. సైలెన్సర్ క్లాంపు ఊడింది. దాజు గోనెసంచి పరిచి బండి కిందికి దూరాడు. నాన్న మోకాలు మరిచిపోయి దిగి, పానాల సంచి విప్పి, బోల్టు ఒకసారి చూసి ఒక పానా అందించారు. పట్టలేదు. ఇంకోటి. అదీ పట్టలేదు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో బోల్టు చూసి నంబరు తప్పు చెప్పని మనిషి. కింద నుంచి చెయ్యి బయటికొచ్చి సంచిలో ఉన్న ఇంకో చిన్న మూట చూపించింది. పాత బ్రిటిష్ కొలతల పానాలు. ఆ రోజుల్లో ఇంగ్లండులో బోల్టుల లెక్క వేరు, మన మిల్లీమీటర్లకి కుదరదు.

"మరి ఈ రెండో సెట్టు దేనికి?" అన్నారు నాన్న, మిల్లీమీటర్ల పానాలు చూపిస్తూ.

నేను హిందీలోకి మార్చి అడిగాను. దాజు లేచి, చేతులు తుడుచుకుని, ఏమీ చెప్పకుండా బానెట్ ఎత్తాడు.

నాన్న ఒక్క క్షణం చూసి పకపకా నవ్వడం మొదలుపెట్టారు. ఆ చలిలో కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. లోపలున్నది మహీంద్రా డీజిల్ ఇంజను. "మనోడేరా! మనోడే లాక్కొస్తున్నాడు ఇంతసేపూ!" ఆయన జీపులో ఉన్నదానికి తమ్ముడు వరసట.

పాత పెట్రోలు ఇంజనుకి విడిభాగాలు దొరకవు, దొరికినా పెట్రోలు ఖర్చు భరించలేరు. అందుకని ఇక్కడి చాలా బండ్లకి ఇంజను మార్చేశారు. పోను పోను ఒక్కొక్కటీ: డైనమో, సీట్లు, వైర్లు, పైకప్పు గుడ్డ. కొన్ని ముక్కలు సిలిగుడిలో లేత్ మీద చేయించుకుంటారు. మా అమ్మ కుట్టే బొంత గుర్తొచ్చింది నాకు. అడుగు పొర తాతమ్మ చీర అంటుంది, ఇప్పుడు పైన కనబడేవన్నీ మా పాత చొక్కాలే. అయినా అది తాతమ్మ బొంతే. ఈ బండిలో మిగిలిన తాతమ్మ చీర ఆ సత్తు బాడీ. ఏడాదిలో సగం రోజులు మంచు, వాన నానబెట్టే ఈ కొండల్లో ఇనప రేకు అయితే ఎప్పుడో తుప్పు పట్టి రాలిపోయేది. ఛాసిస్ ఉక్కుదే కాబట్టి దానికి అతుకులు పడుతూనే ఉన్నాయి. 1948లో ఉక్కు దొరక్క వాడిన లోహం డెబ్బై ఏళ్ల తర్వాత ఇక్కడ కొన్ని కుటుంబాలకి అన్నం పెడుతోంది.

కంపెనీ మాత్రం చేతులు మారుతూ వచ్చింది. 1994లో బీఎండబ్ల్యూ కొంది, 2000లో ఫోర్డ్, 2008లో జాగ్వార్‌తో కలిపి 230 కోట్ల డాలర్లకి మన టాటాలు. పాత పద్ధతి బండి, తర్వాత రోజుల్లో డిఫెండర్ అని పిలిచినది, 2016 జనవరి 29న సోలిహల్ ఫ్యాక్టరీలో ఆగిపోయింది. కొత్త డిఫెండర్ మన దగ్గర కోటి రూపాయల మాట. గొప్ప బండే అయి ఉంటుంది. కానీ దాని సైలెన్సర్ ఊడితే గోనెసంచి పరిచి కిందికి దూరేవాడు నాకెక్కడా కనిపించలేదు. 1955-56లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్ రోవర్లలో లండన్ నుంచి సింగపూర్‌కి రోడ్డు మీద వెళ్లారు, మన దేశం, బర్మా అడవుల మీదుగా. ఆ పేరు వెనక ఉన్న ధైర్యం దారిలో ఏది విరిగినా అక్కడికక్కడ బిగించుకోగలమన్న నమ్మకమే అనుకుంటాను.

కాలీపోఖ్రీలో నల్లటి చెరువు, చుట్టూ రంగు జెండాలు. దాని తర్వాత బిఖెభంజాంగ్. బిఖ్ అంటే విషం, భంజాంగ్ అంటే కనుమ. ఈ వాలుల్లో మన ఆయుర్వేదం వాళ్లు వసనాభి అనే మొక్క మొలుస్తుంది, వేరంతా విషమే. ఇక్కడి నుంచి చివరి నాలుగు కిలోమీటర్లు బండి ముక్కు ఆకాశం వైపే. మేం ముగ్గురం మాట్లాడలేదు. గాలి పల్చబడి నాకు తలనొప్పి మొదలైంది. నాన్న కుడికాలు మాత్రం తనకు తెలియకుండానే బ్రేకు లేనిచోట బ్రేకు తొక్కుతోంది.

రాత్రి చలి గురించి రాయడం దండగ. మూడు రజాయిలు, పడుకున్నది స్వెట్టర్లతోనే.

తెల్లవారుజామున ఐదింటికి బయటికొచ్చాం. కాంచనజంగ కొండల వరస, నిద్రపోతున్న బుద్ధుడిలా ఉంటుందంటారు. నిజంగానే ఉంది. తల వైపున్న శిఖరం పేరు కుంభకర్ణ. నిద్రకి ఇంతకన్నా తగిన పేరు ఎవరు పెట్టగలరు? ఎడమ చేతి వైపు దూరంగా లోత్సె, మకాలు మధ్య చిన్నగా, పెద్ద ఆర్భాటం లేకుండా ఎవరెస్టు. ఎండ ముందు కాంచనజంగ మీద పడింది. అందరూ ఫోన్లు పైకెత్తారు.

మా నాన్న కనిపించలేదు. వెతికితే లాడ్జి వెనక ఉన్నారు. దాజు రేడియేటర్ మీద కప్పిన కంబళి తీస్తున్నాడు, నాన్న ఇంజను మీద రెండు అరచేతులూ పెట్టి కాచుకుంటున్నారు. ఇద్దరికీ కలిసిన భాష లేదు. దాజు నేపాలీలో ఏదో అన్నాడు, నాన్న "అవునవును, చలికి డీజిల్ చిక్కబడిపోద్ది" అన్నారు. సరిగ్గా అదే చెప్పాడో లేదో నేనడగలేదు.

మానెభంజాంగ్‌కి దిగాక సిగ్నల్ బాగా వచ్చింది. ఆయన పాడేరులో తనతో పనిచేసిన మిత్రుడికి ఫోన్ చేశారు. సంచులు దించుకుంటుంటే ఇటువైపు మాటలే వినబడుతున్నాయి.

"ఆఁ, ఎక్కాం... పన్నెండు వేల అడుగులు... లేదురా, మోకాలికేం కాలేదు... జీపు కాదురా బాబూ, ఎన్నిసార్లు చెప్పాలి, ల్యాండ్ రోవర్... ఆఁ, బయట దొరబాబే. లోపల మనోడు."