నేలకి రాని నీరు ఎవులికి?

టొరంటో చుట్టుపక్కల తెలుగువాళ్లకి ఓ రివాజు ఉంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే నిద్ర తీరకముందే నయాగరా తీసుకెళ్లాలి, బోటెక్కించాలి, రెయిన్‌కోటులో ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాలి. మా అమ్మ వచ్చినప్పుడూ అంతే. గైడ్ పని మా అబ్బాయిది. గుర్రపునాడా ఆకారంలో ఉన్న జలపాతం ఎత్తు 57 మీటర్లని మొదలుపెట్టి అన్నీ గడగడా అప్పజెప్పాడు. అమ్మ ఓపిగ్గా విని, "బాగుంది గానీ బాబూ, ఇన్ని నీల్లు ఎటెల్తన్నాయి?" అంది.

వాడు నోరు తెరిచాడు. ఎత్తూ వెడల్పూ తెలుసుగానీ, ఈ సంగతి వాణ్ని ఎవరూ అడగలేదు. నరసన్నపేట దగ్గర కాలువ శివారు పొలం చేసినావిడకి నీళ్లు కనపడితే ముందు అదే తోస్తుంది. వంశధార నీరు మా చేను దాకా వస్తుందా రాదా అన్నది ఏటా ఖరీఫ్‌లో మా ఇంటి టెన్షన్.

ఆ రాత్రే వాడు వెతికిపెట్టాడు. ఈరీ సరస్సు నీరు నయాగరా మీదుగా ఒంటారియో సరస్సుకీ, అక్కణ్నించి సెయింట్ లారెన్స్ నదిలో అట్లాంటిక్‌కీ పోతుంది. 1950 నాటి అమెరికా, కెనడా ఒప్పందం ప్రకారం టూరిస్టు సీజన్‌లో పగటిపూట జలపాతం మీదకి కనీసం లక్ష క్యూసెక్కులు వదలాలి. మిగతా వేళల్లో యాభై వేలు చాలు, మిగిలింది కరెంటుకి. పైన కంట్రోల్ డ్యామ్‌కి 18 గేట్లు. "ఓస్, మన వంశధార మీది గొట్టా బ్యారేజీయే" అని అమ్మ తేల్చేసింది.

తను వెనక్కి వెళ్లాక వీడియో కాల్‌లో ఇదో ఆటైపోయింది. వెనిజులాలోని ఏంజెల్ జలపాతం 979 మీటర్లు, ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తు, వానల్లేని నెలల్లో నీరు చాలామటుకు కింద పడకముందే తుంపరైపోతుందని వీడు చెబితే, "నేలకి రాని నీరు ఎవులికి?" అని కొట్టిపారేసింది.

బ్రెజిల్, పరాగ్వే సరిహద్దులోని గ్వైరా జలపాతం దగ్గర మాత్రం ఆట ఆగింది. నీటి పరిమాణంలో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. ఇటైపు డ్యామ్ కట్టి 1982లో రిజర్వాయరు నింపితే మొత్తం మునిగిపోయింది. అది విని అమ్మ హిరమండలం రిజర్వాయరు కింద పోయిన ఊళ్ల గురించి చెప్పింది. మా చుట్టాలు తమ ఇంటి తలుపులూ ద్వారబంధాలూ తామే ఊడబీకి ట్రాక్టరెక్కించుకున్న కథ. గుమ్మానికున్న పసుపు అలాగే ఉందట. వాడు దాన్ని మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

ఆదివారం తెలుగు క్లాసులకి పంపుతూనే ఉన్నాం. వేమన పద్యం రెండో పాదంలో ఆగిపోతుంది, అది వేరే సంగతి. కొందరు స్నేహితులు "ఒడిశా సరిహద్దులోని మన డుడుమ జలపాతం నయాగరాకి మూడింతలు ఎత్తు, పిల్లలకి చెప్పండి" అంటారు. నిజమే, 175 మీటర్లు. కానీ నాకీ పోటీ విసుగు. ఎత్తులు వాడు స్కూల్లో కూడా నేర్చుకుంటాడు. అమ్మమ్మలా అడగడం ఏ క్లాసులో చెబుతారు?

మొన్న జూలైలో సీతంపేట దగ్గర మెట్టుగూడ జలపాతానికి వెళ్లాం. 2022 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా, మా నోట మాత్రం ఇంకా శ్రీకాకుళమే. మావాడు నీటి కింద తల పెట్టి, పాచి మీద జారి, మోచెయ్యి గీరుకుని బయటికొచ్చాడు. రోడ్డు పక్కన అనాసకాయలమ్మే ఆవిడ ముక్కలు కోసి ఉప్పూకారం చల్లి ఇస్తుంటే, "ఈ నీళ్లు ఎటు వెళ్తాయండీ?" అనడిగాడు.

"గెడ్డలోకి బాబూ, ఇంకెటెల్తాయి?"

"ఆ గెడ్డ ఎటు?"

ఆవిడ మెట్ట నుంచి పల్లం దాకా చేత్తో చూపిస్తూ దారి చెప్పడం మొదలెట్టింది. అది పూర్తిగా వినందే ఆటో ఎక్కనని వాడు భీష్మించుకున్నాడు. ఈలోగా వెయిటింగ్ చార్జీ అడిగిన ఆటో అబ్బాయితో మా అమ్మ తగువేసుకుంది.