మా ట్రావెలర్‌కి సీటు బెల్టులు మార్పించాం

అమలాపురం నుంచి అన్నవరం, అంతర్వేది, ద్రాక్షారామం తిప్పే టెంపో ట్రావెలర్ మాది. ఎనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. ఈసారి దానికి ముందే సీటు సీటుకీ కూర్చుని బెల్టులు గుంజి చూశాను. డ్రైవరు బెల్టు లాగితే వస్తోంది గానీ వదిలితే వెనక్కి చుట్టుకోవట్లేదు. వెనక సీట్ల నడుం బెల్టులు కొన్ని అంచుల్లో పీచు లేచాయి. ఒక బకిల్ టిక్కుమని పడుతోంది, గట్టిగా గుంజితే ఊడొస్తోంది. ఉప్పుగాలిలో తిరిగే బండి కదా, సీట్ల కింద బోల్టులు తుప్పుతో పెచ్చులు రాలుతున్నాయి.

సీట్లు కుట్టే ఆయన "పారేయడం ఎందుకండీ, అంచు మడిచి డబుల్ కుట్టేసిచ్చేస్తాను" అన్నాడు. మా సీట్లన్నీ ఆయన చేతివే, పనిలో వంక పెట్టలేం. అయినా ఒప్పుకోలేదు. బండి గుద్దుకుంటే మనిషి బరువుకి ఎన్నో రెట్ల లాగుడు ఆ పాలిస్టర్ పట్టీ మీద పడుతుంది. కంపెనీ వాడే దారం, కుట్టు వరస ఆ లాగుడుకి తగ్గట్టు ఉంటాయి. అంచు చిరిగిన బెల్టుని, ఒకసారి ప్రమాదంలో బరువు మోసిన బెల్టుని మార్చాల్సిందే.

డ్రైవరు బెల్టు విషయంలో రావులపాలెం మెకానిక్ ముందు భుజం దగ్గర రింగు తుడిచాడు. చెమట, దుమ్ము, కొబ్బరినూనె జిడ్డు నల్లగా వచ్చింది. పట్టీని సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాం, బ్లీచింగ్ తగలనివ్వలేదు. కాస్త నయమైంది గానీ, లోపలి స్ప్రింగే నీరసించింది. పట్టీ చుట్టుకునే ఆ రీలు విప్పి సవరించే వస్తువు కాదు. విజయవాడ ఆటోనగర్ నుంచి మా మోడల్‌దే కొత్తది తెప్పించాం.

అది చేతిలో పట్టుకుని లాగితే అంగుళం రాలేదు! "పాడైన పీసు పంపేశారండీ" అని క్లీనరు కుర్రాడు గోల. మెకానిక్ "ఒరేయ్, నిలువుగా పట్టుకుని నెమ్మదిగా లాగరా" అన్నాడు. సాఫీగా వచ్చేసింది. లోపల చిన్న గుండు ఉంటుందట. బండి ఒరిగినా, సడన్ బ్రేకు పడినా అది కదిలి లాక్ వేస్తుంది. అందుకే పాతది ఏ వాలులో ఉందో అదే వాలులో కొత్తది బిగించాలి, కొంచెం ఒరిగినా బెల్టు పట్టేస్తుంది.

బోల్టులు కొత్త బెల్టుల కిట్‌లో వచ్చినవే వేయించాను. హార్డ్‌వేర్ షాపు బోల్టుకి ఆ బలం ఉండదు, మర కూడా కుదరదు. ఒకచోట ఫ్లోరు రేకే కుళ్లిపోయింది. దాన్ని కోసి, కొత్త మందపాటి రేకు వెల్డింగ్ చేయించాకే బెల్టు బిగించాం. ఈ పనికి బెల్టులకంటే ఎక్కువ టైం పట్టింది, కానీ కుళ్లిన రేకుకి కొత్త బెల్టు కడితే ఏం లాభం?

బెల్టు పెట్టుకోకపోతే 2019 సవరణ చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. నేను మాత్రం పెద్దమ్మలకి జరిమానా సంగతి చెప్పను. "పెట్టుకోండమ్మా, బకిల్ పైకే ఉంది" అంటే చాలు, పెట్టుకుంటున్నారు. సీటు సందులోకి జారిపోయిన బకిల్ కోసం ఎవరూ వెతకరు కాబట్టి ట్రిప్పు ముందు అన్నీ పైకి తీసిపెడుతున్నాం.

పాత పట్టీలు కొబ్బరి బస్తాలు కట్టుకోవడానికి అడిగారు. మళ్లీ ఏ బండిలోకీ ఎక్కకుండా బకిళ్లు కోసేసి ఇచ్చాను.