36 ప్యాకులు, 0 సీరియల్ నంబర్లు: నా కలెక్టర్ బూస్టర్ లాగ్

మూడో బాక్సు నిన్న రాత్రి అయిపోయింది. మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో, లోపల ఏముందో తెలియకుండా అమ్మే ప్యాకుల్ని బూస్టర్లు అంటారు; అరుదైన రూపాలు ఎక్కువగా ఉండే రకం కలెక్టర్ బూస్టర్. బాక్సుకి 12 చొప్పున 36 కలెక్టర్ బూస్టర్లు, ప్యాక్‌కి 15 చొప్పున 540 కార్డులు. వాటిలో సీరియల్ నంబర్ ఉన్నవి సున్నా. ఏడుపుగొట్టు పోస్టు కాదు లెండి ఇది. తీరిగ్గా కూర్చుని లెక్క చూసుకుంటే, సున్నా రావడమే మామూలని తేలింది. ఆ లెక్కేదో మొదటి ప్యాక్ చింపకముందే వేసుకోవాల్సింది, అంతే.

ముందు నేను దేనికోసం వెతుకుతున్నానో చెప్పాలి. మ్యాజిక్: ది గ్యాదరింగ్‌లో 2022 నవంబర్‌లో ది బ్రదర్స్ వార్ అనే సెట్ వచ్చింది. అందులో పాత కాలపు ఫ్రేమ్‌తో 63 ఆర్టిఫాక్ట్ (యంత్రాలు, వస్తువుల) కార్డులు ఉన్నాయి. ఈ 63కీ స్కీమాటిక్ అని ఇంకో రూపం ఉంది, బొమ్మంతా యంత్రానికి గీసిన ప్లాన్‌లా గీతలతో ఉంటుంది. ఆ స్కీమాటిక్‌లోనే ఒక్కో కార్డుకి 500 కాపీలు మాత్రం డబుల్ రెయిన్‌బో ఫాయిల్ అనే మెరిసే ముద్రణలో, 1 నుంచి 500 దాకా నంబర్లు వేసి వదిలారు. అవి కలెక్టర్ బూస్టర్లలోనే దొరుకుతాయి.

అందరూ వర్మ్‌కాయిల్ ఇంజిన్ అనే బలమైన కార్డు కోసం వెతికితే నాకు ఆర్నితాప్టర్ కావాలి. ఖర్చు 0, బలం 0, ఎగురుతుంది. 1994లో యాంటిక్విటీస్ సెట్‌లో వచ్చిన బక్కపలచని యంత్రపక్షి. ఆటలో దానికి పెద్ద విలువ లేదు, కానీ నేను ఆడటం నేర్చుకున్న డెక్‌లో (కార్డుల కట్టలో) అది ఉండేది. తమాషా ఏంటంటే, సీరియల్ నంబర్ల దగ్గరికి వచ్చేసరికి పేదా గొప్పా తేడా లేదు. వర్మ్‌కాయిల్‌కీ 500, ఆర్నితాప్టర్‌కీ 500.

బాక్సు 1

మొదటి బాక్సు లాగ్ సగం పనికిరాకుండా పోయింది. ఆత్రంలో ఐదు ప్యాకులు వరసగా చింపేశాను. మంచివి పక్కన పెట్టి ఫొటోలు తీశాను, మిగతావి కుప్ప పోశాను. ఏ కార్డు ఏ ప్యాక్‌లోదో, ఎన్నో స్థానంలో వచ్చిందో రాయలేదు. తర్వాత షీట్ తెరిచి చూస్తే దొరికినవి ఉన్నాయి, దొరకనివి లేవు. అంటే భిన్నంలో పైన ఉండే అంకె ఉంది, కింద ఉండేది లేదు. దాంతో ఏ రేటూ కట్టలేం. ఆ ఐదు ప్యాకులనీ 36లో లెక్కపెట్టాను గానీ, స్థానాల లెక్క నుంచి తీసేశాను.

వీడియోల్లో చూసే పుల్స్‌తో, అంటే ప్యాకుల్లోంచి దొరికిన కార్డులతో కూడా ఇదే చిక్కు. ఏమీ రాని బాక్సుని ఎవరు పెడతారు? పెట్టినా ఎవరు చూస్తారు? మన కళ్లకి కనిపించేదంతా పైఅంకె.

ఆరో ప్యాక్ నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒక్కసారికి మూడు ప్యాకులే. కవర్ మీద స్కెచ్‌తో బాక్సు నంబర్, ప్యాక్ నంబర్. చింపాక కార్డుల వరస మార్చకుండా తెల్ల కాగితం మీద ఎడమ నుంచి కుడికి మూడు వరసల్లో ఐదేసి పేర్చడం. ఫోన్‌తో ఒక ఫొటో. ఆ తర్వాతే చేతిలోకి తీసుకుని మురిసిపోవడం. షీట్‌లో ఐదు కాలమ్‌లు చాలు: బాక్సు, ప్యాక్, స్థానం, కార్డు పేరు, ఫాయిలా కాదా. ప్యాక్‌కి పది నిమిషాలు పడుతుంది. విసుగే, కానీ స్థానం రాయడం వల్ల ఒక సంగతి కళ్లకు కట్టింది. ప్యాక్ అంటే 15 కార్డుల లాటరీ కాదు. ఎక్కువ స్థానాలకి ఏ రకం రావాలో ముందే ఖాయమై ఉంటుంది. మనం గుండె దడదడలాడుతూ చూడాల్సింది ఒకటి రెండు స్థానాలనే. మిగతావాటిని ఎన్నిసార్లు తిప్పి చూసినా వాటి రకం మారదు.

బాక్సు 2

ఈ బాక్సుకి మా మేనల్లుడు తోడొచ్చాడు. వాడికి పన్నెండేళ్లు, సిద్ధాంతాలు మాత్రం చాలా ఉన్నాయి. ఒక్కో ప్యాక్ అరచేతిలో పెట్టుకుని ఊపి చూసి, "మామయ్యా, ఇది తేలిగ్గా ఉంది, ఇందులో ఏం లేదు. ఇదిగో, ఇది చూడు" అని రెండు కుప్పలు పెట్టాడు. వాడు బరువుందన్నవి ఆరు, తేలికన్నవి ఆరు.

సరే చూద్దామని వంటింటి కాటా తెచ్చాను. గ్రాము కన్నా చిన్న తేడా దానికి తెలియదు. పన్నెండింటికీ దాదాపు ఒకే అంకె చూపించింది. వాడి ఊహ మరీ గాలిలోంచి వచ్చింది కాదు. పాత పోకెమాన్ ప్యాకుల్లో హోలో (మెరిసే బొమ్మ ఉన్న) కార్డు ఉంటే బరువు కాస్త ఎక్కువ తూగేది. సన్నని కాటాతో తూచి బరువైనవి ఏరుకుని మిగతావి అమ్మేసేవాళ్లు. అందుకే పాత ప్యాక్ విడిగా కొనేవాళ్లు ఈనాటికీ జంకుతారు. కలెక్టర్ బూస్టర్‌లో ఆ పప్పులు ఉడకవు. లోపల ఎక్కువ కార్డులు ఫాయిళ్లే, ఇంకో ఫాయిల్‌కి సీరియల్ నంబర్ అచ్చేసినంత మాత్రాన బరువు పెరగదు.

రెండు కుప్పలూ విడివిడిగా తెరిచాం. వాడి బరువైన కుప్పలో మిథిక్‌లు (రేర్ కన్నా అరుదైన మెట్టు కార్డులు) నాలుగు, తేలిక కుప్పలో ఐదు. "నువ్వు కాటా మీద పెట్టినప్పుడు కలిసిపోయాయి" అన్నాడు.

రెండో బాక్సులోనూ సీరియల్ రాలేదు. ఆ రాత్రే షీట్‌లో చిన్న ఆట ఆడాను. ఒక గడిలో 0కీ 1కీ మధ్య ఏదో ఒక అంకె పడేలా ర్యాండ్ ఫార్ములా పెట్టి, అది 0.01 కన్నా తక్కువైతే దొరికినట్టు అనుకున్నాను. అలా 36 గడులు ఒక మనిషికి, కిందికి వెయ్యి మంది. ఆ వెయ్యి మందిలో ఎంతమంది ఉత్తచేతులతో లేచారో లెక్కపెట్టించాను. ఒకసారి 703, ఇంకోసారి 688. చేత్తో లెక్కేస్తే 0.99ని 36 సార్లు హెచ్చవేయాలి, 0.696 వస్తుంది. అంటే వెయ్యి మందిలో 696 మంది నాలాంటివాళ్లే.

ఆ 1% ఎక్కడిదంటే, సీరియల్ కార్డులు కలెక్టర్ బూస్టర్లలో 1 శాతం కన్నా తక్కువ వాటిలో వస్తాయని తయారీదారు విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ చెప్పింది. "కన్నా తక్కువ" అన్న రెండు మాటల్లోనే ఉంది అసలు కిటుకు. 0.9 అయినా తక్కువే, 0.4 అయినా తక్కువే. నా లెక్కలన్నీ ఎంతో ఉదారంగా 1% పట్టుకుని వేసినవి. నిజం ఇంతకన్నా గడ్డుగానే ఉంటుంది.

ఆ ఉదారమైన 1% ప్రకారం ఏదో ఒక సీరియల్ దొరికే అవకాశం సగానికి చేరాలంటే 69 ప్యాకులు తెరవాలి. వందకి ఒకటి అన్నారు కదా అని 100 తెరిస్తే 63 శాతమే. మిగతా 37 శాతం మంది వంద తెరిచి కూడా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు. 90 శాతం ధీమా కావాలంటే 230 ప్యాకులు, 95కి 299. టాప్స్ వాళ్ల బేస్‌బాల్ కార్డుల కవర్ మీద 1:24, అంటే 24 ప్యాకులకి ఒకటి, అని ఉంటే 24 కొంటే ఒకటి ఖాయం అనుకునేవాళ్లని చూశాను. అది మొత్తం ముద్రణ మీద సగటు. మన చేతిలో ఉన్న 24 ప్యాకులకి ఇచ్చిన హామీ కాదు.

ఇదంతా ఏదో ఒక సీరియల్ గురించి. నాకు కావాల్సింది ఆర్నితాప్టర్. 63 కార్డులకీ కాపీలు సమానమే కాబట్టి 1%ని 63తో భాగించాలి. 6,300 ప్యాకుల్లో ఒకటి, అదీ ఉదారంగా. సగం అవకాశానికి 4,367 ప్యాకులు, అంటే 364 బాక్సులు. రోజుకో బాక్సు చొప్పున ఏడాది పొడుగునా చింపితే బొమ్మా బొరుసా అన్నంత అవకాశం వస్తుంది. ఈ వాక్యం రాశాక కాసేపు లేచి అటూ ఇటూ తిరిగాను.

ఇదే లెక్కని తిరగేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 63 కార్డులు, ఒక్కోటి 500, మొత్తం 31,500 సీరియల్స్. అవి వంద ప్యాకులకి ఒకటి కూడా లేవంటే, అన్నీ ప్యాకుల్లోకి చేరడానికి కనీసం 31 లక్షల 50 వేల కలెక్టర్ బూస్టర్లు కావాలి. "500 మాత్రమే" అన్నప్పుడు చిన్న అంకెలా వినిపిస్తుంది. అది ఎంత పెద్ద గడ్డివాములో సూదో ఎవరూ చెప్పరు.

బాక్సు 3

మూడో బాక్సు తెరిచేటప్పుడు మనసు కాస్త నెమ్మదించింది. టెన్షన్ లేదు. వరసగా 24 ఖాళీ పోయాయి కాబట్టి ఇప్పుడు రావాలి అన్న ఆశ మాత్రం లోపల ఎక్కడో మెదిలింది. 25వ ప్యాక్‌కి మునుపటి 24 సంగతి ఏం తెలుసు? దానికీ అదే 1%.

ఫోన్‌లో పోకెమాన్ టీసీజీ పాకెట్ ఆడేవాళ్లకి అలవాటైన ఊరట ఇక్కడ లేదు. 2024 అక్టోబర్‌లో వచ్చిన ఆ ఆటలో ప్రతి ప్యాక్‌కి ఏ రేరిటీ (అరుదైన మెట్టు) ఎంత శాతమో యాప్‌లోనే చూపిస్తారు. మొదటి సెట్‌లో అన్నిటికన్నా అరుదైన క్రౌన్ రేర్ నాలుగో కార్డుగా 0.04%, ఐదో కార్డుగా 0.16%. రెండూ కలిపితే 500 ప్యాకులకి ఒకటి. పైగా ప్యాక్‌కి 5 పాయింట్లు వస్తాయి, 2,500 కూడితే క్రౌన్ రేర్ నేరుగా తీసుకోవచ్చు. అంటే 500 ప్యాకుల దగ్గర ఒక గోడ ఉంది, దాన్ని దాటి ఎవరి దురదృష్టమూ పోదు. కాగితం ప్యాకులకి అలాంటి గోడ లేదు. 299 తెరిచి కూడా 5 శాతం మంది ఖాళీ చేతులతోనే ఉంటారు, వాళ్లకి ఎవరూ పాయింట్లు ఇవ్వరు.

36 దగ్గర ఆగి, నా సొంత డేటాతో ఏమైనా చెప్పొచ్చా అని చూశాను. ఒక్కటీ దొరకనప్పుడు వాడే సులువు సూత్రం ఉంది: 3ని ప్యాకుల సంఖ్యతో భాగిస్తే, అసలు రేటు దాదాపు అంతకు మించి ఉండదని 95 శాతం నమ్మకంతో అనొచ్చు. 3/36 అంటే 12లో 1. మూడు బాక్సులు చింపి, నెలన్నర నోట్సు రాసి నేను ప్రపంచానికి చెప్పగలిగిన కొత్త విషయం ఏంటయ్యా అంటే, సీరియల్ కార్డులు సగటున బాక్సుకి ఒకటి కన్నా ఎక్కువ రావు అని. అది తెలియనివాళ్లు ఎవరూ లేరు. "1% కూడా లేవు" అని నా డేటాతోనే నిరూపించాలంటే ఒక్కటీ దొరక్కుండా 300 ప్యాకులు పోవాలి. పది ఇరవై ప్యాకులు తెరిచి "పుల్ రేట్లు ఘోరం" అనో "ఈ సెట్ బంగారం" అనో తేల్చేవాళ్ల మాట నేను ఇక పట్టించుకోను.

మామూలు బూస్టర్ల మీద ఒక పక్కమాట. మిథిక్ రేర్ అనే మెట్టు 2008లో షార్డ్స్ ఆఫ్ అలారా సెట్‌తో మొదలైంది. ఆ సెట్ రేర్లు అచ్చేసే షీట్‌లో 121 గడులు: 53 రేర్లు రెండేసిసార్లు, 15 మిథిక్‌లు ఒక్కోసారి. కాబట్టి 8 ప్యాకులకి ఒక మిథిక్, కానీ మీరు కోరుకున్న మిథిక్ 121కి ఒకటి. మొత్తం 15నీ ప్యాకుల్లోంచే పోగేయాలంటే సగటున 400 ప్యాకుల చిల్లర. మొదటి ఎనిమిది రకాలు 88 ప్యాకుల్లో వచ్చేస్తాయి. మిగిలిన ఏడు రకాలకి 314. చివరి ఒక్కదానికే 121. సెట్ పూర్తి చేసేవాళ్లు సగం దాకా ప్యాకులు చింపి, అక్కడి నుంచి సింగిల్స్ (విడి కార్డులు) కొనుక్కోవడం పిసినారితనం కాదు, లెక్క తెలియడం.

ఫాయిళ్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మొదటి బాక్సువి వంగిపోయాయి. కాగితం పొర గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది, మీది ఫాయిల్ పొర ఉబ్బదు, కార్డు విల్లులా వంగుతుంది. ఇప్పుడు ఫొటో తీసిన వెంటనే ఒంటికి అతుక్కునే లోపలి స్లీవ్ (ప్లాస్టిక్ తొడుగు), దాని మీద మామూలు స్లీవ్, ఆపైన కదలకుండా బిగుతుగా నిలబెట్టే డబ్బా. కార్డు కొలత 63 × 88 మిల్లీమీటర్లు, స్లీవ్ కొనేటప్పుడు అది చూసుకోవాలి. డబ్బాలో సిలికా పొట్లాలు గుప్పెడు పోయొద్దు. మరీ ఎండిపోతే కార్డు అవతలి వైపుకి వంగుతుంది, అదీ చేసి చూశాను.

32వ ప్యాక్‌లో ఒక స్కీమాటిక్ ఆర్నితాప్టర్ వచ్చింది. నంబర్ లేదు, డబుల్ రెయిన్‌బో కాదు. గోధుమరంగు కాగితం మీద రెక్కల కీళ్లూ కమ్మీలూ గీసిన సాదా రకం. మేనల్లుడు దాన్ని లైటు కింద పెట్టి నాలుగు మూలలా తిప్పి చూశాడు, నంబర్ ఎక్కడైనా దాక్కుందేమోనని.

నాలుగో బాక్సు కొనడం లేదు. ఈ సెట్‌లో నాకు ఇంకా కావాల్సిన స్కీమాటిక్‌లు పదకొండు, వాటిని సింగిల్స్‌గా వెతుకుతున్నాను. ఆర్నితాప్టర్‌ని బైండర్ మొదటి పేజీలో మధ్య అరలో పెట్టాను. పక్క అర ఖాళీగా ఉంచితే, వాడు చిన్న చీటీ మీద "___/500" అని రాసి అందులో దూర్చిపోయాడు.