నీటితో తిరిగిన తిరగలి

ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అని పిలుస్తున్న ఔరంగాబాదులో, ఖామ్ నది ఒడ్డున ఉన్న పన్‌చక్కీని, అంటే నీటి ధాటికి తిరిగే పిండి తిరగలిని, చూడాలన్న నా చిరకాల కోరిక మొన్న నెరవేరింది. 1956 వరకు మన హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన ఈ నగరంలో, బాబా షా ముసాఫిర్ దర్గాకు వచ్చే యాత్రికులకూ ఫకీర్లకూ ఇక్కడే పిండి విసిరేవారు.

దూరాన కొండల్లో పుట్టిన ఊటనీటిని భూమిలో పాతిన మట్టి గొట్టాల ద్వారా ఇక్కడికి రప్పించి, ఎత్తు నుంచి దూకించి, ఆ ధాటికి అడుగున పడుకోబెట్టినట్లున్న రెక్కల చక్రం తిరిగేలా ఏర్పాటు చేశారు. పళ్లచక్రాల అవసరమే లేదు. కింద చక్రం ఒక చుట్టు తిరిగితే, అదే ఇరుసుకు బిగించిన పైరాయీ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంత తేలికైన ఉపాయం నన్ను ఎంతగానో ఆకట్టుకుంది.

పైరాయి నడుమ గింజలు పోసే గుంటను చూడగానే, మా అమ్మమ్మ కందులు విసిరిన తిరగలి గుర్తుకు వచ్చింది. దానికి కర్రపిడి ఉండేది, ఆమె అరచేతిలో కాయలుండేవి. ఈ రాతికి పిడి లేదు.